తోట వైకుంఠం కళాప్రస్థానం: సిరిసిల్ల సీమ స్త్రీరూపం, ముద్రణకళా సంస్కారం

వ్యాససంగ్రహం

తెలంగాణ గ్రామీణ స్త్రీరూపాన్ని ఆధునిక భారతీయ చిత్రకళలో సుప్రతిష్ఠితం చేసిన చిత్రకారుడు తోట వైకుంఠం. ఆయన స్వగ్రామమైన బూరుగుపల్లి నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. హైదరాబాదులో చిత్రలేఖనాన్ని, బరోడాలో చిత్రకళతోపాటు ముద్రణకళను అభ్యసించిన ఆయన కళాజీవితాన్ని చారిత్రక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వైకుంఠం చిత్రభాషకు ముద్రణకళ నేర్పిన సంస్కారమే ఆధారమని, ఆ చిత్రాలు ఇంటింటికీ చేరడానికి కూడా అదే కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల సామాజిక చరిత్రను, 'దాసి' చలనచిత్రానికి ఆయన చేసిన కళాదర్శకత్వాన్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆ స్త్రీరూపానికి సంపూర్ణమైన అర్థం లభిస్తుందని నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

కీలకపదాలు: తోట వైకుంఠం, ముద్రణకళ, సెరిగ్రాఫ్, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల కాగితం, కె.జి. సుబ్రహ్మణ్యన్, దాసి.

1. ఉపోద్ఘాతం

నుదుట పెద్ద కుంకుమబొట్టు, నల్లని నిగనిగలాడే మేనిఛాయ, సగం వాలిన కనురెప్పలు, మెడ నిండా నగలు, ముదురు ఎరుపు లేదా పసుపు చీర, భుజం మీద ఒక చిలుక. ఈ వర్ణన వినగానే అది ఎవరి బొమ్మో చిత్రకళతో పెద్దగా పరిచయం లేనివారు కూడా చెప్పగలరు. ఒక చిత్రకారుని సంతకం చూడకుండానే అతని బొమ్మను జనం గుర్తుపట్టే స్థితి తెలుగునేల మీద బాపు తర్వాత వైకుంఠానికే అంతగా దక్కిందని చెప్పవచ్చు. బాపు బొమ్మ పత్రికల ద్వారా పాఠకులను చేరింది. వైకుంఠం బొమ్మ మొదట చిత్రశాలల గోడల మీద కనిపించి, ఆ తర్వాత ముద్రణరూపంలో మధ్యతరగతి ఇళ్ళకు చేరింది.

ఈ ప్రాచుర్యమే ఒక సమస్యను కూడా తెచ్చిపెట్టింది. పదేపదే చూసిన బొమ్మ అలంకారంగా మారుతుంది. అలంకారంగా మారిన బొమ్మ వెనుక చరిత్ర కనిపించకుండా పోతుంది. వైకుంఠం చిత్రాలను 'తెలంగాణ సంస్కృతికి ప్రతీక' అన్న ఒక్క మాటతో ముగించడం పరిపాటి అయింది. ఆ స్త్రీ ఏ నేలకు చెందినది? ఆ నేల మీద ఆమె బతుకు ఎట్లా ఉండేది? ఆమెకు ఆ గట్టి బాహ్యరేఖ, ఆ కలగలపని రంగులు ఎక్కడినుండి వచ్చాయి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెతకడం ద్వారా ఆయన కళాప్రస్థానాన్ని అర్థం చేసుకోవచ్చు.

2. ప్రాంతీయ నేపథ్యం: నేల, కాగితం, నేత

2016 అక్టోబరు 11న పూర్వపు కరీంనగర్ జిల్లాను పునర్వ్యవస్థీకరించినప్పుడు జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. పరిపాలనాపరంగా విడిపోయినా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల చరిత్ర ఒకదానితో ఒకటి అల్లుకొని ఉంది. దృశ్యకళాచరిత్రకు ఈ మూడింటి నుండీ చెప్పుకోవలసినవి ఉన్నాయి.

కోరుట్ల ఒకప్పుడు చేతికాగితానికి పేరుపొందిన ఊరు. నిజాం పాలనాకాలంలో పటేలు, పట్వారీల లెక్కలకు, దస్త్రాలకు గట్టి కాగితం కావలసివచ్చేది. కోరుట్లలో కాగితం తయారీ కొన్ని కుటుంబాలకు కులవృత్తిగా సాగింది. యంత్రాల మీద తయారైన చౌక కాగితం రాకతో ఈ చేతిపని వెనకబడింది. భూమి లెక్కలు రాసుకున్న కాగితం, ఆ లెక్కల్లో పేరు లేని కూలీలు ఒకే ప్రాంతానికి చెందినవారు కావడం ఇక్కడి చరిత్రలో గమనించదగిన విషయం.

సిరిసిల్ల నేతకు నిలయం. చేమగ్గం కాలం గడిచి మరమగ్గాల కాలం వచ్చేసరికి ఇక్కడ పాలిస్టర్ వస్త్రం ప్రధాన ఉత్పత్తి అయింది. పని దొరకని నేతకార్మికులు భివండీ, ముంబయి, షోలాపూర్ పట్టణాలకు వలసపోయారు. గిట్టుబాటు లేక నేతన్నలు ఆత్మహత్యలకు పాల్పడడంతో ఈ పట్టణం పేరు పలుమార్లు వార్తలలోకి ఎక్కింది. 2017 నుండి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం బతుకమ్మ చీరల తయారీని ఇక్కడి మరమగ్గాలకు అప్పగించడం ఈ చరిత్రకు కొనసాగింపు.

జగిత్యాల పేరు వినగానే 1978 గుర్తుకువస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరులో అక్కడ జరిగిన రైతుకూలీల మహాప్రదర్శన 'జగిత్యాల జైత్రయాత్ర'గా చరిత్రకెక్కింది. వెట్టిచాకిరీ రద్దు, కూలిరేట్ల పెంపు, దొరల ఆక్రమణలో ఉన్న బంజరుభూముల స్వాధీనం ఆ ఉద్యమం ముందుకు తెచ్చిన డిమాండ్లు. సాంఘిక బహిష్కారం అంతవరకు దొరల చేతి ఆయుధం. దాన్ని కూలీలు దొరల మీదికే తిప్పారు. 1978 అక్టోబరు 20న ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వైకుంఠం తన చిత్రభాషను వెతుక్కుంటున్న దశాబ్దంలోనే ఆయన పుట్టిన ప్రాంతంలో ఈ మార్పు జరిగింది.

3. బాల్యం: వేషం వేసిన స్త్రీ

తోట వైకుంఠం 1942లో బూరుగుపల్లిలో జన్మించారు. నేడు ఈ గ్రామం బోయినపల్లి మండలంలో ఉంది. వేములవాడ రాజరాజేశ్వరక్షేత్రం ఈ ప్రాంతానికి దగ్గర. పొరుగునే ఉన్న గంగాధర మండలంలోని కురిక్యాల సమీపాన బొమ్మలగుట్ట ఉంది. అక్కడి జైనప్రతిమలు, తెలుగు కందపద్యాలతో కూడిన 10వ శతాబ్దపు జినవల్లభుని శాసనం రాతి మీద గీతకు ఈ సీమలో ఎంత ప్రాచీనత ఉందో చెబుతాయి.

బాల్యంలో తనను ఆకర్షించిన దృశ్యంగా వైకుంఠం పలు సందర్భాలలో పేర్కొన్నది ఊరికి వచ్చే నాటకబృందాలను. ఆ ప్రదర్శనలలో స్త్రీపాత్రలను పురుషులే ధరించేవారు. ముఖానికి దట్టంగా రంగు పూసుకొని, కళ్ళకు కాటుక తీర్చి, పెద్దబొట్టు పెట్టుకొని, ముదురురంగు చీర కట్టి వాళ్ళు వేదిక మీదికి వచ్చేవారు. రాత్రి వెలుతురులో దూరాన కూర్చున్న ప్రేక్షకునికి కూడా పాత్ర స్పష్టంగా కనిపించాలంటే కనుబొమలు, కళ్ళు, పెదవులు గట్టి గీతలతో తీర్చుకోవాలి. ఛాయాభేదాలు ఆ వెలుతురులో నిలవవు.

ఈ విషయాన్ని చిత్రకళాదృష్టితో చూస్తే ఒక విశేషం బోధపడుతుంది. వైకుంఠం చిత్రాలలోని స్త్రీకి రెండు మూలాలు ఉన్నాయి. ఒకటి తల్లి, ఇరుగుపొరుగు స్త్రీలు, పొలానికీ సంతకూ వెళ్ళే ఆడవాళ్ళు. రెండవది వేదిక మీద పురుషుడు తీర్చిన స్త్రీవేషం. ఆయన బొమ్మలలో కనిపించే నిండుదనం, నిలకడ, కొంచెం పాత్రధారణను తలపించే భంగిమ ఈ రెండవ మూలం నుండి వచ్చినవే. అందువల్ల ఆ స్త్రీని యథాతథ గ్రామీణజీవిత చిత్రణగా మాత్రమే చూడడం సరికాదు. ఆమె నిజమైన మనిషి, వేషం ధరించిన పాత్ర కూడా.

4. హైదరాబాదు: విద్య, పూర్వచిత్రకారులు

వైకుంఠం హైదరాబాదులోని ప్రభుత్వ లలితకళా, వాస్తుకళాశాలలో చిత్రలేఖనం అభ్యసించారు. 1940లో ప్రారంభమైన ఈ సంస్థ తెలంగాణ చిత్రకారుల రెండు మూడు తరాలకు తొలి పాఠశాల. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో అది భాగమైంది.

అప్పటికే తెలంగాణ చిత్రకళలో గ్రామీణ ఇతివృత్తం కొత్తది కాదు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యరికం చేసిన కొండపల్లి శేషగిరిరావు (1924-2012) పౌరాణిక, ప్రాకృతిక ఇతివృత్తాలను మృదువైన రేఖలో చిత్రించారు. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925-2012) బోనాలను, బతుకమ్మను, కులవృత్తులను నకాషీ బొమ్మల సంప్రదాయానికి దగ్గరగా తీసుకువచ్చారు. కరీంనగర్ జిల్లాలోనే పుట్టి ముంబయి జె.జె. కళాశాలలో చదివిన పి.టి. రెడ్డి (1915-1996) చిత్రం, శిల్పం, ముద్రణ అనే మూడు మాధ్యమాలలోనూ పనిచేశారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ వైకుంఠం కంటే ముందే హైదరాబాదు నుండి బరోడాకు వెళ్ళి ముద్రణకళలో అసాధారణమైన నైపుణ్యం సాధించారు.

కాబట్టి వైకుంఠం ముందున్న సమస్య పల్లెను చిత్రకళలోకి తీసుకురావడం కాదు. ఆ పని ఇతరులు చేసివున్నారు. రాజయ్య చిత్రాలలో పల్లె ఒక సమూహం. పండుగ, పని, ఊరేగింపు అందులో ఉంటాయి. లక్ష్మాగౌడ్ ఎచింగులలో పల్లె మేకలు, చెట్లు, మనుషులు, వాంఛలు కలిసిపోయిన సన్నని గీతల అడవి. వీరిద్దరి దారినీ అనుసరించకుండా, పల్లెనంతటినీ ఒక మనిషి రూపంలోకి కుదించగలమా అన్నది వైకుంఠం ఎన్నుకొన్న ప్రశ్న. దానికి సమాధానం బరోడాలో దొరికింది.

5. బరోడా: ముద్రణకళ నేర్పిన సంస్కారం

1970ల తొలినాళ్ళలో లలితకళా అకాడమీ ఉపకారవేతనంతో వైకుంఠం బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ కె.జి. సుబ్రహ్మణ్యన్ (1924-2016) వద్ద చిత్రకళ, ముద్రణకళ అభ్యసించారు.

సుబ్రహ్మణ్యన్ కేరళలో జన్మించి, మద్రాసులో అర్థశాస్త్రం చదువుతూ స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళినవారు. ఆ తర్వాత శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, బినోద్ బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్‌ల వద్ద శిక్షణ పొందారు. 1959-61 మధ్య అఖిలభారత చేనేత బోర్డులో డిజైన్ విభాగపు ఉపసంచాలకునిగా పనిచేశారు. బరోడాలో విద్యార్థుల చేత బొమ్మలు చేయించి కళాజాతరలో అమ్మించేవారు. కుమ్మరి, నేతగాడు, బొమ్మలు చేసేవాడు ఉపయోగించే దృశ్యభాషకూ ఆధునిక చిత్రకారుని భాషకూ మధ్య గోడ ఉండనవసరం లేదన్నది ఆయన బోధన సారాంశం. జానపదకళను అనుకరించమని ఆయన చెప్పలేదు. ఏ వృత్తికళాకారుడు తన వస్తువును ఎట్లా సంక్షిప్తం చేస్తాడో, ఒక్క గీతతో ఏమి చెబుతాడో పరిశీలించమన్నారు. నేతసీమ నుండి వెళ్ళిన విద్యార్థికి ఈ బోధన సొంత ఇంటి వస్తువును కొత్తగా చూపించినట్లయింది.

ముద్రణకళ నేర్పే క్రమశిక్షణ వేరు. కాన్వాసు మీద చిత్రకారుడు గీసినదాన్ని దిద్దుకోవచ్చు, రంగు మీద రంగు వేసుకోవచ్చు. చెక్క, లినోలియం, లోహఫలకం, రాయి, తెర అనే ఏ మాధ్యమంలోనైనా ముద్రణకారుడు ముందే నిర్ణయించుకోవాలి. ఏ భాగం సిరాను పట్టాలి, ఏ భాగం కాగితం తెల్లదనాన్ని వదలాలి అన్నది పనికి పూనుకోకముందే తేలాలి. రంగుముద్రణలో సాధారణంగా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క ఫలకం లేదా తెర కావాలి. రంగులు పెరిగినకొద్దీ శ్రమ పెరుగుతుంది. కనుక రంగుల సంఖ్య తగ్గించడం, ఒక రంగుకూ మరొక రంగుకూ మధ్య అంచును స్పష్టంగా ఉంచడం ముద్రణకారునికి అలవాటవుతుంది. ఫలకం మీది బొమ్మ కాగితం మీద తిరగబడి పడుతుంది కాబట్టి కుడిఎడమల తూకం మీద కన్ను నిలపడం తప్పనిసరి.

వైకుంఠం పరిణతచిత్రాలను ఈ దృష్టితో చూస్తే ముద్రణకారుని అలవాట్లన్నీ అందులో కనిపిస్తాయి. రూపాన్ని చుట్టివచ్చే గట్టి బాహ్యరేఖ, ఒక క్షేత్రంలో ఒకే రంగు, తక్కువ సంఖ్యలో రంగులు, ఖాళీగా వదిలిన నేపథ్యం. రంగులను కలిపి మరో రంగు సృష్టించడం తనకు ఇష్టం లేదని, పరిసరాలలో కనిపించే నిండురంగులే మనిషి స్వభావాన్ని పట్టుకుంటాయని ఆయన అభిప్రాయం. ఈ అభిప్రాయానికి పల్లెలోని కుంకుమ, పసుపు, ఆకుపచ్చ ఎంత కారణమో, ఒక్కో రంగును విడివిడిగా ఆలోచించే ముద్రణకళాభ్యాసం కూడా అంతే కారణమని భావించవచ్చు.

ఇక్కడ లక్ష్మాగౌడ్‌తో పోలిక ఉపయోగపడుతుంది. ఇద్దరూ తెలంగాణ పల్లెల నుండి వచ్చి, ఒకే గురువు వద్ద, ఒకే సంస్థలో ముద్రణ నేర్చారు. లక్ష్మాగౌడ్ లోహఫలకం మీద ఆమ్లంతో తొలిచే ఎచింగ్ పద్ధతిని తన ప్రధాన వ్యక్తీకరణగా చేసుకున్నారు. అందులోని సన్నని గీత, నలుపు తెలుపుల మధ్య అసంఖ్యాక ఛాయలు ఆయన పల్లెకు గాఢమైన మానసికలోతును ఇచ్చాయి. వైకుంఠం ముద్రణకళలోని మరో గుణాన్ని, అంటే అచ్చువేసినట్టుండే స్పష్టతను గ్రహించి దాన్ని కాన్వాసు మీదికి, కాగితం మీదికి తీసుకువెళ్ళారు. ఫలకం మీద చేసిన పని కంటే ఫలకం నేర్పిన ఆలోచన ఆయన కళలో ఎక్కువకాలం నిలిచింది.

6. బొగ్గు నుండి రంగుకు

బరోడా నుండి తిరిగివచ్చిన వైకుంఠం హైదరాబాదులోని బాలభవన్‌లో పిల్లలకు చిత్రలేఖనం నేర్పారు. చిత్రకళ ఒక్కటే జీవనాధారం కాగల పరిస్థితి ఆనాటి హైదరాబాదులో లేదు. చిత్రశాలలు తక్కువ. కొనేవారు ఇంకా తక్కువ.

ఆయన తొలిదశ కృషిలో బొగ్గుగీతలకు, పెన్సిల్ రేఖాచిత్రాలకు ప్రాధాన్యం ఉంది. ఈ రేఖాచిత్రాలలో స్త్రీశరీరం బరువుతో, నేలకు అంటుకొన్నట్టు కనిపిస్తుంది. నగలకు, చీర అంచుకు అప్పటికింకా ప్రాముఖ్యం రాలేదు. భుజం, మెడ, చేయి, కూర్చున్న తీరు ప్రధానం. క్రమంగా రంగు ప్రవేశించింది. రంగుతోపాటు చీర, రవిక, బొట్టు, కంటె, పుస్తెలు, ముక్కుపుడక వచ్చాయి. స్త్రీల పక్కన పంచె కట్టి, నామం లేదా విభూతి ధరించిన పురుషులు చేరారు. చిలుక, తమలపాకు వంటి వస్తువులు చిన్న చిన్న సూచనలుగా నిలిచాయి.

ఈ మార్పులో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. లాభం ఏమిటంటే, అంతవరకు భారతీయ ప్రచారచిత్రాలలో, క్యాలెండర్లలో రాజ్యమేలిన తెల్లని, సన్నని స్త్రీకి బదులు నల్లని మేనిఛాయ, నిండైన దేహం ఉన్న శ్రామికస్త్రీ చిత్రకళలో సౌందర్యానికి కేంద్రమైంది. రవివర్మ ముద్రణాలయం 19వ శతాబ్దం చివర ప్రారంభించిన రంగుబొమ్మల సంప్రదాయంలో దేవతలకు, నాయికలకు ఒక ప్రామాణికమైన ఛాయ ఏర్పడింది. దానికి ఎదురుగా వైకుంఠం నిలబెట్టిన ముదురుగోధుమ, నలుపు ముఖం ఒక సాంస్కృతికవాదం. నల్లటి మేనిని దాచకుండా, దాని పక్కన ఎరుపు, పసుపు పెట్టి మరింత వెలిగించడం ఆ వాదానికి దృశ్యరూపం.

నష్టం ఏమిటంటే, నగలు, చీర పెరిగినకొద్దీ పని తగ్గింది. ఎక్కువ చిత్రాలలో నేపథ్యం ఖాళీ. పొలం, మగ్గం, కొడవలి, కుండ అరుదు. ఆమె శ్రామికస్త్రీ అని దేహమే చెప్పాలి. శ్రమ కనిపించదు. ఈ విమర్శను పక్కకు నెట్టడం తగదు. అయితే దీనికి సమాధానం ఆయన కళాజీవితంలోనే మరొకచోట ఉంది.

7. 'దాసి': అదే స్త్రీకి మరో ముఖం

బి. నరసింగరావు దర్శకత్వంలో 1988లో వచ్చిన 'దాసి' చలనచిత్రానికి వైకుంఠం కళాదర్శకత్వం వహించారు. 36వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఈ చిత్రానికి ఐదు పురస్కారాలు లభించాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమనటిగా అర్చన, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బిర్, దుస్తుల రూపకల్పన, వాటితోపాటు కళాదర్శకత్వానికి తోట వైకుంఠం. నరసింగరావు స్వయంగా చిత్రకళను అభ్యసించినవారు. అంతకుముందు 1983లో ఆయన తీసిన 'రంగుల కల' ఒక చిత్రకారుని జీవితాన్ని ఇతివృత్తంగా స్వీకరించింది.

'దాసి' నిజాం పాలనాకాలపు తెలంగాణలో ఒక దొర గడీలో జరిగే కథ. కమలాక్షి ఆ గడీలో దాసి. పెళ్ళికూతురితోపాటు అరణంగా దాసీలను పంపే ఆచారం అప్పటి దొరల కుటుంబాలలో ఉండేది. దాసి శరీరం మీద గాని, గర్భం మీద గాని ఆమెకు హక్కు లేదు. దొర వల్ల గర్భవతి అయిన కమలాక్షి చివరకు ఆ గర్భాన్ని పోగొట్టుకోవలసి వస్తుంది. సినిమాలో మాటలు తక్కువ. గడీ గోడలు, మసకవెలుతురు, ఇత్తడిపాత్రలు, నీళ్ళు, తలుపులు, మెట్లు, పరుపులు కథ చెబుతాయి. అంటే కళాదర్శకుడు అమర్చిన వస్తుప్రపంచమే ఈ చిత్రానికి సగం సంభాషణ.

కాన్వాసు మీద వైకుంఠం వదిలేసిన నేపథ్యం ఇక్కడ పూర్తిగా ప్రత్యక్షమవుతుంది. చిత్రాలలోని స్త్రీ చుట్టూ ఏమీ ఉండదు. 'దాసి'లోని స్త్రీ చుట్టూ గడీ ఉంటుంది. చిత్రంలో ఆమె నిండుగా కూర్చుంటుంది. సినిమాలో ఆమెకు కూర్చునే తీరిక ఉండదు. ఒకే కళాకారుని చేతి నుండి వచ్చిన ఈ రెండు రూపాలూ ఒకే ప్రాంతపు చరిత్రకు సంబంధించినవి. దొర, గడీ, వెట్టి అనేవి సిరిసిల్ల, జగిత్యాల పల్లెలలో పుస్తకాలలో చదువుకొన్న గతం కాదు. 'దాసి' విడుదలకు పదేళ్ళ ముందే ఆ వ్యవస్థ మీద ఇక్కడి కూలీలు తిరగబడ్డారు.

ఈ కోణంలో చూస్తే ఖాళీ నేపథ్యానికి కొత్త అర్థం వస్తుంది. గడీ నీడను, దొర పొలాన్ని, యజమాని పనిని తొలగించిన తర్వాత మిగిలిన చోటులో ఆ స్త్రీ తన సొంత దేహంతో, తన సొంత నగలతో, ఎవరి ఆజ్ఞకూ ఎదురుచూడకుండా కూర్చుంది. దీన్ని వాస్తవాన్ని దాచిన అలంకారంగా చదవవచ్చు. వాస్తవంలో ఆమెకు దక్కని తీరికను, గౌరవాన్ని చిత్రకారుడు ఆమెకు ఇచ్చాడనీ చదవవచ్చు. రెండవ పఠనం 'దాసి' తెలిసినవారికే సాధ్యం. అందుకే వైకుంఠం చిత్రకళా చర్చలో ఈ చలనచిత్రాన్ని అనుబంధవిషయంగా కాక, కేంద్రవిషయంగా పరిగణించాలి.

8. సెరిగ్రాఫ్: బొమ్మ ప్రయాణం

1993లో వైకుంఠానికి చిత్రకళలో జాతీయ పురస్కారం లభించింది. భారత ఆర్థికవ్యవస్థలో మార్పులు వచ్చిన ఆ దశకంలో చిత్రకళకు కొత్త విపణి ఏర్పడింది. హైదరాబాదు, ముంబయి, ఢిల్లీ చిత్రశాలలతోపాటు విదేశాలలోని తెలుగువారు, ఇతర భారతీయులు కూడా ఆయన చిత్రాలకు కొనుగోలుదారులయ్యారు. మూలచిత్రాల ధర సామాన్యుని అందుబాటు దాటింది. ఆ దశలో సెరిగ్రాఫ్ ద్వారా ముద్రణకళ ఆయన వద్దకు మరో రూపంలో తిరిగి వచ్చింది.

సెరిగ్రాఫ్ అంటే కళాత్మక సిల్క్‌స్క్రీన్ ముద్రణ. చట్రానికి బిగించిన పలుచని జాలిగుడ్డలో సిరా పోనివ్వవలసిన భాగాన్ని తెరచి ఉంచి, మిగతాదాన్ని మూసివేస్తారు. రబ్బరుపట్టీతో సిరాను నెట్టినప్పుడు తెరచిన భాగం ఆకారమే కాగితం మీద పడుతుంది. ప్రతి రంగుకూ మరో తెర. రంగు ఆరిన తర్వాత మళ్ళీ అదే చోట కచ్చితంగా కాగితాన్ని అమర్చి తరువాతి రంగు వేయాలి. నిర్ణీత సంఖ్యలో ప్రతులు తీసి, ఒక్కొక్క ప్రతి మీద సంఖ్య వేసి చిత్రకారుడు సంతకం చేస్తాడు. వస్త్రాల మీద అద్దకం వేసే పద్ధతికి ఇది దగ్గరి బంధువు.

సన్నని ఛాయాభేదాలున్న చిత్రాన్ని సెరిగ్రాఫ్‌గా మార్చడానికి ఎన్నో తెరలు కావాలి. అయినా కొంత పోతుంది. వైకుంఠం చిత్రం అట్లా పోగొట్టుకునేది తక్కువ. సమమైన రంగుక్షేత్రాలు, గట్టి అంచు అప్పటికే అందులో ఉన్నాయి. బరోడాలో ముద్రణ నుండి కాన్వాసుకు వెళ్ళిన గుణాలు కాన్వాసు నుండి తిరిగి ముద్రణకు సులువుగా వచ్చాయి. ఆయన చిత్రాలు సెరిగ్రాఫులుగా విస్తృతంగా వ్యాపించడానికి విపణి ఎంత కారణమో, ఈ స్వభావసామ్యం కూడా అంతే కారణం.

అదే గుణం అనుకరణకు కూడా దారితీసింది. గట్టి గీత, కొద్ది రంగులు ఉన్న బొమ్మను నకలు చేయడం తేలికగా కనిపిస్తుంది. గృహాలంకరణ దుకాణాలలో, చీరల మీద, సంచుల మీద, గోడల మీద 'వైకుంఠం శైలి' బొమ్మలు వెలిశాయి. వాటిలో బొట్టు, చిలుక, చీర ఉంటాయి. కంటిరెప్ప వాలిన తీరు, మెడ బరువు, బొగ్గుగీతల కాలంలో సాధించిన దేహజ్ఞానం ఉండవు. నకలుకూ మూలానికీ తేడా రంగులో కాదు, ఆ రంగు కింద ఉన్న గీతలో ఉంది.

9. చిత్రం నిలిపినది, కాలం మార్చినది

వైకుంఠం చిత్రాలలోని స్త్రీ కట్టిన చీర, ధరించిన నగ, తీర్చుకొన్న బొట్టు 20వ శతాబ్ది మధ్యకాలపు తెలంగాణ పల్లెకు చెందినవి. ఈ మధ్యకాలంలో ఆ పల్లె చాలా మారింది. సిరిసిల్లలో చేమగ్గం స్థానాన్ని మరమగ్గం ఆక్రమించింది. కోరుట్ల కాగితం నిత్యవ్యవహారం నుండి తొలగింది. జగిత్యాల పల్లెల నుండి వేలాదిమంది గల్ఫ్ దేశాలకు వలసపోయారు. ఇంటి బరువు, పొలం బరువు స్త్రీల మీద పడింది. మానేరు మీద బోయినపల్లి మండలం మాన్వాడ వద్ద నిర్మించిన మధ్యమానేరు జలాశయం కింద పరిసరగ్రామాలు కొన్ని ముంపుకు గురయ్యాయి.

చిత్రకారుడు ఈ మార్పులను తన బొమ్మలలోకి తీసుకురాలేదు. దశాబ్దాలుగా ఒకే స్త్రీని చిత్రిస్తున్నారన్న ఆక్షేపణ దీని నుండి పుట్టింది. ముద్రణకళ పరిభాషలో ఆలోచిస్తే దీనికి ఒక వివరణ ఉంది. ఫలకం ఒక్కటే, ప్రతులు అనేకం. ప్రతి ప్రతిలోనూ సిరా ఒత్తిడి కొంచెం మారుతుంది. ప్రతిదీ అదే బొమ్మ, ఏ రెండూ సమానం కావు. వైకుంఠం కళాజీవితాన్ని తన జ్ఞాపకమనే ఒకే ఫలకం మీద నుండి తీసిన ప్రతుల పరంపరగా భావించడం సమంజసం. అయితే ఫలకం అరిగిపోయేదాకా తీస్తే ప్రతులు మసకబారతాయన్నది కూడా ముద్రణకారులందరికీ తెలిసిన విషయమే. మలిదశలోని అలంకారప్రధానమైన చిత్రాలను తొలిదశ రేఖాచిత్రాలతో పోల్చి విలువకట్టవలసిన బాధ్యత విమర్శకుల మీద ఉంది.

10. ముగింపు

పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి.

1. తోట వైకుంఠం స్త్రీరూపానికి నిజజీవితంలోని గ్రామీణస్త్రీ, వేదిక మీది స్త్రీవేషం అనే రెండు మూలాలు ఉన్నాయి. రెండింటినీ కలిపి చూసినప్పుడే ఆ రూపంలోని నిండుదనం, నాటకీయత అర్థమవుతాయి.

2. బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద పొందిన ముద్రణకళాశిక్షణ ఆయన చిత్రభాషకు పునాది. గట్టి బాహ్యరేఖ, కలగలపని రంగు, ఖాళీ నేపథ్యం ఆ శిక్షణ ఫలితాలు. సెరిగ్రాఫ్ రూపంలో ఆయన చిత్రాలు విస్తృతంగా వ్యాపించడానికి కూడా ఇవే తోడ్పడ్డాయి.

3. నల్లని మేనిఛాయ గల శ్రామికస్త్రీని సౌందర్యకేంద్రంగా నిలపడం ఆయన సాధించిన ముఖ్యమైన సాంస్కృతికవిజయం. శ్రమ కనిపించకపోవడం ఆ కళకున్న పరిమితి.

4. 'దాసి' చలనచిత్రానికి చేసిన కళాదర్శకత్వం ఆ పరిమితికి ఆయన సొంత కృషిలోనే ఉన్న సమాధానం. సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల భూస్వామ్యచరిత్ర నేపథ్యంలో చిత్రాలనూ చలనచిత్రాన్నీ కలిపి అధ్యయనం చేయాలి.

గోడకు తగిలించిన ఆ బొమ్మను చూసి తెలంగాణ ఎంత అందమైనదో అనుకోవడం సహజం. ఆ స్త్రీ గడీ వాకిలి దాటి అక్కడికి చేరిందని తెలిసి చూసినప్పుడు ఆమె నిశ్చలత్వానికి ఉన్న విలువ బోధపడుతుంది.